కరెంటు లేని రెండు గంటలు

నేను ఒక కాపడం పట్టీని. మెడికల్ షాపులో అడిగితే హీటింగ్ ప్యాడ్ అంటారు. మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు, లోపల తీగచుట్ట, పైన నీలం గళ్ల గుడ్డ తొడుగు, ఒక పక్క నుంచి వేలాడే వైరు, దాని మధ్యలో మూడు మెట్ల స్విచ్చి. ఇంతే నా ఒళ్లు. ఈ స్టోరు గదిలో విరిగిన స్టూలు మీద పడేసి పోయాక నన్ను పలకరించిన నాథుడు లేడు. అందుకని నేనే మాట్లాడుకుంటున్నాను. విసుగనిపిస్తే వెళ్లిపోండి, ఏమీ అనుకోను. మనుషులంటే నాకు కోపం పోయి చాలా రోజులైంది. అలసట మాత్రం పోలేదు.

నన్ను హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో కుట్టారు. తీగను వంకర్లు తిప్పి గుడ్డ మడతల్లో పెట్టి కుట్టినావిడ ఆ రోజంతా పక్కావిడతో తన ఆడబిడ్డ మీద చాడీలు చెబుతూనే ఉంది. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. మనిషి నోరు ఒక దారిన, చెయ్యి ఒక దారిన పోగలవని నాకు పుట్టిన రోజే తెలిసింది. తర్వాత హన్మకొండలో ఒక మందుల షాపు అద్దాల అరలో ఏడాది పాటు కూర్చున్నాను. ఎండాకాలం ఎవరూ నా వంక చూడరు కదా. చలికాలం వచ్చాక విశ్వనాథం సారు కొన్నాడు, భార్య నడుము నొప్పికని.

ఆవిడ నన్ను ఒక్క పూట కూడా వాడలేదు. "కరెంటు మీద పండుకొమ్మంటవా? షాకు కొడితే నా దినాలు జేస్తవా?" అని పక్కన పెట్టేసి, పెనం మీద ఉప్పు వేయించి మూట కట్టుకుని హాయిగా కాపుకుంది. సారు రెండు రోజులు చూసి, మూడో రోజు నన్ను సంచిలో పెట్టుకుని కాలేజీకి తెచ్చేశాడు.

ఆయన ఫార్మసీ కాలేజీలో ప్రొఫెసరు. ఎలుకలకు పక్షవాతం తెప్పించి, దాన్ని తగ్గించే మందు వెతకడం ఆయన పని. నవ్వకండి, పెద్ద పనే అది. మెదడుకు నెత్తురు మోసే నాళం మూసుకుపోతే పక్షవాతం వస్తుంది. మనిషికి దానంతట అదే వస్తుంది, ఎలుకకు తెప్పించాలి. మత్తిచ్చి, మెడ దగ్గర కోసి, నాళంలోకి సన్నటి నైలాను దారం ఎక్కించి గంటన్నర అలాగే ఉంచుతారు. దారం తీసి కుట్లు వేసి వదిలేస్తే, మర్నాటికి ఆ ఎలుక ఒక పక్క కాళ్లు పడిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మత్తులో ఉన్న ప్రాణి తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, చల్లబడిపోతుంది. అలా కాకుండా కింద నేనుండాలి. దీనికోసం ఎలుక వేడిని చూస్తూ తనంతట తాను పెంచుకుని తగ్గించుకునే మంచి మిషను ఒకటి ఉందట. దానికోసం సారు మూడేళ్లు వరుసగా అర్జీ పెట్టాడు, మూడేళ్లూ రాలేదు. భార్య వద్దన్న నేను ఆ మిషను కుర్చీలో కూర్చున్నాను.

నాళం మూసుకోగానే మెదడంతా ఒక్కసారే చచ్చిపోదు. ముందు కొంత పోతుంది, చుట్టూ ఉన్నది గంటల తరబడి కొంచెం కొంచెంగా పోతుంది. ఆ గంటల్లో దాన్ని కాపాడే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతోందని సారు క్లాసులో చెప్పే మాట గోడ అవతలి నుంచి నాకు వినపడేది. ఎలుకల్లో పనిచేసినవి వందల కొద్దీ ఉన్నాయి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాయి, అనేవాడు. ఆయన సొంతంగా వెతికిన వాటిలో రెండు నా కళ్ల ముందే పోయాయి. ఒక్కోదానికి నాలుగేసి ఏళ్లు. ఒక్కోదానికి ఎన్ని ఎలుకలు పోయాయో నేను లెక్కపెట్టలేదు. వెచ్చగా నా మీద పడుకుని ఊపిరి తీసిన ప్రతి ఒళ్లూ నాకు గుర్తుంది, అది చాలు.

మూడోది ఒక పసుపు పొడి. ఏదో అడవి చెట్టు బెరడు నుంచి తీసి శుభ్రం చేసింది. దాని పని శైలజకు అప్పగించారు. మాలోత్ శైలజ మానుకోట పక్క తండా నుంచి వచ్చిన పిల్ల. చామనఛాయ, బిగించి వేసిన జడ, మాట తక్కువ, చెయ్యి మాత్రం కంసాలి చెయ్యి. వెంట్రుకంత నాళంలో దారం ఎక్కించడం సారుకే పదిసార్లలో నాలుగుసార్లు తప్పేది, ఆమెకు తప్పేది కాదు. ఐదేళ్ల ఫెలోషిప్పులో నాలుగేళ్లు గడిచిపోయాయి. మిగిలిన ఏడాదిలో ఈ పొడి పనిచేసిందని తేలితే డాక్టరేటు వస్తుంది, లెక్చరర్ ఉద్యోగానికి దారి పడుతుంది. తేలకపోతే మళ్లీ మొదటికి.

ఆ గదిలో ఇంకొక మనిషి కొమురయ్య. ఎలుకల గది ఊడ్చి, పంజరాలు కడిగి, మేత వేసి, నీళ్లు పెట్టేది ఆయనే. యాభై దాటాయి. ఆయన భార్య లస్మవ్వకు మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆ కథ ఆయన ఎలుకలకే ఎక్కువసార్లు చెప్పేవాడు. ఒకరోజు శైలజకు కూడా చెప్పాడు.

"మొదటి రోజు దవాఖానకు కాదు బిడ్డా, పావురాలోని కాడికి దీస్కపోయిన. వాడు పావురాన్ని కోసి గా ఎచ్చటి నెత్తురు కాళ్లకు చేతులకు రాసిండు. మూడొద్దులు రాసిండు. నాలుగో నాడు దవాఖానకు పోతే డాక్టరమ్మ నన్ను దిట్టిన తిట్లు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నయి."

ఆయన అడగకుండానే శైలజ, "ఈ పొడి చిన్నమ్మకు పనికిరాదు కాకా. ఇది వచ్చిన్నాడే, గంటలల్ల ఇయ్యాలె" అంది.

"ఆమెకెందుకు బిడ్డా, ఆమెది అయిపాయె. నా గురించి అడుగుతున్న. నాకు బీపీ ఉంది, ఎడమ చెయ్యి అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతది. నేను వడితే ఆమెకు బువ్వ ఎవలు తినిపియ్యాలె?" అన్నాడు కొమురయ్య, పంజరం కడుగుతూనే.

శైలజ ఆయన్ని బీపీ మందులు వేసుకుంటున్నావా లేదా అని అడిగి, లేదంటే నాలుగు చీవాట్లు పెట్టింది. ఆ రోజు నుంచి ఆ పొడి కోసం ఆమె కంటే ఆయనే ఎక్కువ ఎదురు చూశాడు.

ఆ ఏడు చలికాలం కరెంటు కోతలు మొదలయ్యాయి. మా కాలేజీ ఉన్న వైపు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కోత. జనరేటరు ఉంది, కానీ అది ప్రిన్సిపాల్ గదికీ కంప్యూటర్లకీ. ఎలుకలకు ఎవరిస్తారు జనరేటరు? ఆ పసుపు పొడి ఓ పట్టాన కరిగేది కాదు, అయస్కాంతపు ముక్క తిరిగే గిన్నెలో వేసి మూడు నాలుగు గంటలు తిప్పాలి. గిన్నె తిరగాలంటే కరెంటుండాలి. కరెంటుండేది పొద్దున. కాబట్టి పొద్దున పొడి గిన్నెలో తిరుగుతూ ఉండగా, మందుతో పోల్చి చూడ్డానికి ఉత్త ఉప్పునీళ్లు ఇవ్వాల్సిన ఎలుకలకు ఆపరేషన్ చేసేసేది శైలజ. అన్నం తిన్నాక, మందు తయారయ్యాక, మందు ఎలుకలు. సరిగ్గా కరెంటు పోయే వేళకు అవి నా మీదికి వచ్చేవి.

ఆమెను తప్పు పట్టను. సీనియర్లు చేసింది అదే, ముందు ఉప్పునీళ్లవి ముగించు, తర్వాత మందువి. కిటికీ పక్కకు బల్ల జరుపుకుని ఆ వెలుగులోనే దారం ఎక్కించేది, మెడలో చార్జింగు లైటు వేలాడేసుకుని. కష్టపడింది పాపం. కానీ నా సంగతి ఎవరికి తట్టింది? ఆ పాత గది ఉత్తరపు మూల గది, ఎండ పొడ తగలదు. నా కింద స్టీలు ట్రే. ఎలుక మెడ గొరిగి, స్పిరిట్‌తో తడిపి తుడుస్తారు. కరెంటు పోయిన పావుగంటకల్లా నేను చల్లబడి ఉత్త గుడ్డనయ్యేదాన్ని. నా మీద ఆ ప్రాణి కూడా చల్లబడుతూ పోయేది. కొమురయ్య మాత్రం వచ్చి వేళ్లతో తాకి, "అయ్యో, ఐసు లెక్కయిందిరా" అని పాత తువ్వాల ముక్క ఒకటి కప్పి పోయేవాడు. అప్పటికి ఆలస్యమైపోయేది. నేను అరిచి చెప్పలేను కదా.

వేడి రాసే కాగితం లేకపోలేదు. దాంట్లో ప్రతి ఎలుకకూ ఒక గడి ఉంది, అరగంటకోసారి థర్మామీటరు పెట్టి రాయాలి. ఆ కాలేజీలో తరతరాలుగా వస్తున్న పద్ధతి ఏమిటంటే, మత్తిచ్చే ముందు ఒకసారి చూసి పై గడిలో ముప్పై ఏడు అని రాసి, కింది గడులన్నిటిలో డిటో గుర్తులు పెట్టుకుంటూ పోవడం. సారు తన గురువు దగ్గర నేర్చుకున్నాడు, శైలజ సారు దగ్గర నేర్చుకుంది. మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు. కింద కాపడం పట్టీ ఉంది కదా, వేడి ఎక్కడికి పోతుంది అనుకున్నారు. నా మీద అంత నమ్మకం!

ఫలితాలు వచ్చాయి. ఉప్పునీళ్ల ఎలుకలు గుండ్రంగా తిరిగాయి, నడక పరీక్షకు పెట్టిన తిరిగే కడ్డీ మీద మూడు అడుగులు కూడా వెయ్యలేక పడిపోయాయి. మందు ఎలుకలు ఆ కడ్డీ మీద నిలబడి నడిచాయి. మెదళ్లు పలచగా కోసి ఎర్రరంగు మందులో వేస్తే బతికిన భాగం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగా ఉండిపోతుంది. మందు ఎలుకల ముక్కలు నిండుగా ఎర్రబడ్డాయి. సారు ఆ ముక్కలను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన ముఖంలో నేను చూసిన మొదటి సంతోషం అది. పేపరు రాశారు, విదేశీ పత్రికలో అచ్చయింది. ఆ రోజు సారు గది గదికీ తిరిగి మైసూరుపాకు పంచాడు. ఎలుకల గదికి కూడా వచ్చాడు.

"కొమురయ్యా, దొరికిందయ్యా!" అన్నాడు.

కొమురయ్య మైసూరుపాకు తినలేదు, కాగితంలో చుట్టి లస్మవ్వకని జేబులో పెట్టుకున్నాడు. శైలజ నవ్వింది. నాకు తెలిసి ఆ గదిలో ఆమె పైకి నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం ఒళ్లంతా చచ్చుబడినట్టయింది. మందు ఎలుకలు చల్లబడ్డ సంగతి ఏ కాగితంలోనూ లేదు. నాకేమో నోరు లేదు.

చలి తగ్గేసరికి కాలేజీని చూడ్డానికి పైనుంచి ఎవరో వస్తారన్నారు. గోడలకు సున్నం పడింది, పూలకుండీలు వచ్చాయి, ఎలుకల గదికి ఇన్వర్టర్ కూడా వచ్చింది. ఆ వచ్చినవాళ్లు ఎలుకల గది దాకా రానేలేదు, వాసనకు భయపడి వరండాలోంచే తిరిగిపోయారు. ఇన్వర్టర్ మాత్రం మిగిలిపోయింది. అప్పుడే శైలజ థీసిస్ కోసం మరికొన్ని ఎలుకలు కలపాలన్నాడు సారు. పొద్దున ఉప్పునీళ్లవి, మధ్యాహ్నం మందువి, మామూలే. కరెంటు పోయింది కానీ నేను చల్లబడలేదు. ఇన్వర్టర్ మీద రెండు గంటలూ నిక్షేపంగా వెచ్చగా ఉన్నాను.

మర్నాడు మందు ఎలుకలన్నీ గుండ్రంగా తిరిగాయి.

శైలజ నమ్మలేదు. మళ్లీ చేసింది, మళ్లీ అదే. పొడి పాడైందన్నాడు సారు, కొత్తది చేయించాడు. ఎలుకలు అమ్మినవాడు మారాడు కదా, ఆ జాతి వేరేమో అన్నాడు. శైలజ అన్నం మానేసి పాత కాగితాలు ముందేసుకుని కూర్చుంది. వారం రోజులు అదే వరస. చూడలేక కొమురయ్య వచ్చి స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏమాయె బిడ్డా? మందు గుణం దప్పిందా?"

"తెలుస్తలేదు కాకా. అంతా అప్పటి లెక్కనే జేస్తున్న. అదే మందు, అదే చెయ్యి, అదే బల్ల. ఏం మారిందో తెలుస్తలేదు."

"అంతా అదే యాడిది? అప్పుడు కరెంటు లేకుండె గద. మందు ఎలుకలు సల్లగ ఐసు లెక్క ఉంటుండె. నేను తువ్వాలు గప్పేటోన్ని. ఇప్పుడు మంచిగ ఎచ్చగుంటున్నయి" అన్నాడు, మంచి జరిగిందన్నట్టుగా.

శైలజ చేతిలో కలం ఆగిపోయింది. ఆయన వంక చూసింది, నా వంక చూసింది. లేచి వచ్చి నా స్విచ్చి మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. వేడిని ఆమె కాగితం మీదే చూసింది తప్ప, ఆయన లాగా వేళ్లతో ముట్టి చూడలేదు. ఆ సంగతి ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది.

మర్నాడు ఆరు ఎలుకలు తెచ్చింది. ఒక్కదానికీ మందు వెయ్యలేదు, ఉత్త ఉప్పునీళ్లే. కరెంటు ఉంది, ఇన్వర్టర్ ఉంది. అయినా తన చేత్తో నా స్విచ్చి ఆపేసింది. థర్మామీటరు పెట్టి అరగంటకోసారి నిజంగా చూసి నిజంగా రాసింది. ముప్పై ఏడు, ముప్పై అయిదు, ముప్పై మూడు, ముప్పై రెండున్నర. డిటో గుర్తు ఒక్కటీ పెట్టలేదు. మర్నాడు ఆ ఆరింటిలో అయిదు కడ్డీ ఎక్కి నడిచాయి. మెదడు ముక్కలు ఎర్రగా, నిండుగా.

అంటే వాటిని కాపాడింది పొడి కాదు. చలి. చల్లబడ్డ మెదడు ఆకలి తగ్గించుకుని నెత్తురు లేకపోయినా మామూలు కంటే ఎక్కువసేపు ఓర్చుకుందన్నమాట. నా సంగతి కూడా ఆలోచించండి. వెచ్చగా ఉంచడానికి పుట్టాను. నేను బుద్ధిగా పనిచేసినప్పుడల్లా ఆ ప్రాణులు కుంటివయ్యాయి, పని మానేసిన పూటే బాగుపడ్డాయి. నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల చాకిరీ, చివరికి ఇదా అనిపించింది.

సారు ఆ ఆరు ఎలుకల కాగితం చదివి బల్ల మీద బోర్లించాడు. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"శైలజా, ఈ ఆరింటిని నువ్వు చూడలే, నేను చూడలే."

"సార్..."

"పేపరు అచ్చయింది. నీ ఫెలోషిప్ జూన్‌కు అయిపోతది. మొదటి ఎలుకలతోనే థీసిస్ కట్టెయ్, కొత్తవి కలపకు. మనమేమన్న దొంగ లెక్కలు రాసినమా? రాయలే గద. తర్వాత చేసెటోళ్లు తేల్చుకుంటరు." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఇది మూడోది అమ్మా. నాకు ఇంకోటి వెతికే వయసు లేదు."

శైలజ తల ఊపింది. ఒప్పుకుంది! నేను చూస్తూనే ఉన్నాను, ఆ తల ఊపడం. ఆమెను తిట్టబోకండి. తండాలో మొదటి డాక్టరమ్మవుతుందని ఎదురు చూసే తల్లి ఉంది ఆమెకు. రెండు రోజులు ఆమె థీసిస్ కాగితాలు దిద్దుకుంటూ కూర్చుంది, ఎవరి ముఖమూ చూడకుండా.

మూడో రోజు కొమురయ్య పంజరాలు ఆరబెడుతూ, ఆమెను కాస్త నవ్విద్దామనో ఏమో, ఒక రహస్యం బయటపెట్టాడు. అంగీ లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, దాంట్లో మడత పెట్టిన చిన్న కాగితం.

"సూడు బిడ్డా. దొంగతనం గాదు, ముందే చెప్తున్న. నువ్వు పొడి జోకిన కాగితాలు చెత్తల ఏస్తవు గద, వాటికి అంటుకున్నది దులిపి జమ జేసిన. నాలుగు నెలల్ల ఇంతయింది."

శైలజ కాగితం విప్పి చూసింది. చిటికెడు పసుపు పొడి.

"దేనికి కాకా?"

"నాకే. లస్మవ్వకు ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద. నేను వడంగనె ఇది నా నోట్లె వోసి నీళ్లు వోయిమని చెప్పిన. మర్శిపోతదేమోనని రోజు పొద్దుగాల ఒకసారి జేపిస్త, ఉత్త కాగితంతోని. మంచిగ జేస్తది. ఇగ దవాఖాన లేదు, పావురం లేదు. ఇంట్లనె మందున్నది, నాకేం ఫికర్ లేదు" అని నవ్వాడు.

శైలజ పొట్లం మడిచి ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాసేపటికి ముఖం కడుక్కుంది, వెళ్లి సారును పిలుచుకొచ్చింది. సారు గుమ్మంలో నిలబడ్డాడు.

"కాకా, నాకు చెప్పినవు గద, సార్‌కు గుడ అట్లనె చెప్పు. కాగితం సూపియ్యి."

కొమురయ్య బెదిరిపోయాడు. తప్పు చేసినవాడిలా పొట్లం చేతిలో పెట్టుకుని, తూచిన కాగితాలు దులపడం నుంచి లస్మవ్వకు రోజూ నేర్పడం దాకా అంతా చెప్పాడు. సారు పొట్లం తీసుకుని చూశాడు.

"ఇది తిను అని ఎవరు చెప్పిండ్రయ్యా నీకు?"

"ఎవలు జెప్పలె సార్. దొరికిందని మీరే అన్నరు గద. మిఠాయి గుడ ఇస్తిరి."

సారు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆయన చెయ్యి నా మీద ఆనింది. ఎదురుగా బల్ల మీద పాత కాగితాలున్నాయి, ముప్పై ఏడు కింద బారుగా డిటో గుర్తులు. వాటిని చూశాడు.

"పనిచెయ్యది కొమురయ్యా," అన్నాడు చివరికి. "ఈ పొడి పనిచెయ్యది. తప్పు నాదే. ఆ ఎలుకలు సల్లవడ్డయి, గందుకే బతికినయి. మందుతోని కాదు."

కొమురయ్యకు వెంటనే ఎక్కలేదు. "అయితే నేను వడంగనె సల్లటి నీళ్లు గుమ్మరియ్యాల్నా సార్?" అని అడిగాడు.

"వద్దు, వద్దు. అట్ల చేస్తే ప్రాణం మీదికొస్తది. ఎలుక వేరు, మనిషి వేరు. ఒక్కటే పని. మూతి వంకర వోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగ వచ్చినా ఆ నిమిషమే దవాఖాన. ఆలస్యమైన కొద్ది పోతది. ఎన్నింటికి మొదలైందో టైం యాది పెట్టుకోవాలె, డాక్టరు ముందుగాల గదే అడుగుతడు."

శైలజ ఒక కాగితం మీద మెదడు డాక్టరున్న దవాఖాన పేరూ ఫోన్ నంబరూ పెద్ద అక్షరాలతో రాసి, ఆ పొట్లం ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టి ఇచ్చింది. పొడిని పంజరాలు కడిగే నీళ్ల తొట్టిలో దులిపేసింది. కొమురయ్య దాని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. నాలుగు నెలల ధైర్యం ఆ నీళ్లలో పోయింది. ఆ సాయంత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు. నిజం చెప్పినంత మాత్రాన మనసు తేలికపడుతుందని ఎవరన్నారో గానీ, ఆ గదిలో ఆ రోజు ఎవరి మనసూ తేలికపడలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. సారు పత్రికకు ఉత్తరం రాసి పేపరు వెనక్కి తీసుకున్నాడు. తోటి ప్రొఫెసర్లు ఆయన ముందు జాలి పడి వెనక నవ్వారు. శైలజ థీసిస్ మొత్తం తిరగరాసింది, ఆ ఆరు ఎలుకలతో సహా. ఫెలోషిప్ అయిపోయింది. ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి కాగితాలు దిద్దించుకునేది. మందు పనిచెయ్యలేదని చెప్పే థీసిస్‌కు డాక్టరేటు ఎట్లా ఇస్తారని పై కమిటీలో ఒకాయన అడ్డం తిరిగితే ఇంకో ఆరు నెలలు పోయాయి. నాకు మాత్రం ఎలుకలు తగ్గాయి. కొద్దిగా ఊపిరి పీల్చుకున్నాను.

అలా దిద్దించుకోవడానికి వచ్చిన ఒక ఉదయం సంగతి. శైలజ కిటికీ దగ్గర కాగితాలు సర్దుకుంటోంది. కొమురయ్య ఊడుస్తున్నాడు. చీపురు చప్పుడు ఆగింది. చూస్తే ఆయన గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారుతున్నాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది.

"కాకా!" అని అరిచి పరుగెత్తింది శైలజ.

ఆయన ఏదో అనబోయాడు, మాట ముద్దగా వచ్చింది. మళ్లీ కూడదీసుకున్నాడు.

"టైమ్... ఎంత?"

"పదీ పది. ఇప్పుడే కాకా, నా కండ్ల ముందే."

"యాది... వెట్టుకో."

వాచ్‌మన్‌ను కేకేసింది. ఇద్దరూ కలిసి ఎత్తి ఆటోలో వేశారు. ఎవరో వరండాలోంచి పావురాలాయన దగ్గరికి తీసుకెళ్లమంటే, ఆ మాట కొమురయ్య చెవిన పడింది కాబోలు, బాగున్న చేత్తో గాలిలో వద్దు వద్దని ఊపాడు. అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవరు శైలజే తీసింది. అందులో ఆమె రాసిన కాగితం చెమటకు తడిసి, మడతల దగ్గర చిరిగి ఉంది. ఆటో పోయింది. ఆ రోజంతా ఎలుకలకు మేత వేసినవాళ్లు లేరు.

పదకొండు లోపలే దవాఖాన చేర్చారట. నాళంలో నెత్తురు గడ్డ కరిగించే ఇంజక్షన్ చేశారట. రెండు నెలలకు కొమురయ్య తిరిగి పనిలోకి వచ్చాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. ఎడమ చేత్తో చాయ్ గ్లాసు పట్టుకోగలడు కానీ పంజరం ఎత్తలేడు. అందుకని కాలేజీవాళ్లు ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున వచ్చేముందు లస్మవ్వకు తానే బువ్వ తినిపించి వస్తాడట. ఎక్కువసేపు పడుతోందని గొణుగుతాడు.

ఎలుకల గదికి ఆ మంచి మిషను ఎట్టకేలకు వచ్చింది, వేడి తానే చూసుకునేది. నన్ను పనికిరాని సామాన్ల కింద రాసి ఇక్కడ పారేశారు. సారు రిటైరయ్యాడు. శైలజకు ఏడాదిన్నర ఆలస్యంగా డాక్టరేటు వచ్చింది. ఆమె థీసిస్ పక్క గదిలో లైబ్రరీ బీరువాలో ఉంది, నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ఈ పొడి పక్షవాతానికి పనిచెయ్యదు అని చెప్పడానికి దానికి రెండు వందల పేజీలు పట్టింది. దాన్ని తీసి చదివినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. అసలు ఆ సంగతి తెలియాల్సిన మనిషి ఒక్కడే. ఆయనకు చదువు రాదు. నోటితో చెప్తే విన్నాడు, ఆటో ఎక్కాడు.